ముఖం ఎవరూ ఇవ్వనక్కర్లేదు

వలస జనం బొమ్మలు గీసే చిత్రకారుల గురించి ఎవరు రాసినా ఒక మాట తప్పకుండా వస్తుంది: ఈ కళాకారులు ముఖం లేనివారికి ముఖం ఇచ్చారు. ప్రదర్శనశాల గోడ మీద అతికించిన పరిచయంలో ఉంటుంది, పత్రికల సమీక్షల్లో ఉంటుంది, సన్మాన పత్రాల్లో ఉంటుంది. 2020 లాక్‌డౌన్‌లో కాలినడకన ఊళ్లకు మళ్లిన కూలీల బొమ్మలు వచ్చాక ఈ మాట మరీ ఎక్కువైంది. దాని వెనక ఉన్న వాదాన్ని పూర్తి బలంతోనే చెప్పుకోవాలి. వలస అనగానే ప్రభుత్వాలూ పత్రికలూ అంకెలు చెబుతాయి. లక్షల్లో చెప్పిన అంకె ఎవరి మనసునూ కదిలించదు. ఒక మనిషి కళ్లలోకి చూస్తే కదులుతుంది. అందుకే చిత్రకారుడు ఆ గుంపులోంచి ఒకరిని ఎంచుకుని, ఆ ఒక్క ముఖంలో అందరి కష్టాన్నీ చూపిస్తాడు. చూసినవారికి జాలి పుడుతుంది, జాలి న్యాయబుద్ధిగా మారుతుంది, అది మార్పు తెస్తుంది. కాబట్టి చిత్రకారుడి గొప్పతనాన్ని అతని సానుభూతితో కొలవాలి. ఈ వాదం చేసేవారిలో ఎక్కువమంది మంచి మనసున్నవాళ్లే, కూలీ పక్షాన నిలబడాలనే ఈ మాట అంటున్నారు. అయినా ఇది తప్పుడు వాదం. ఎవరి పక్షాన నిలిచానని చెప్పుకుంటుందో ఆ మనిషినే పక్కకు నెట్టేసే వాదం.

ఒకటి: వలసజీవికి ముఖం ఎప్పుడు లేదు?

వలసజీవికి ముఖం లేదన్న మొదటి మెట్టే కూలిపోతుంది. ఆధునిక కాలంలో వలసజీవి ముఖం అందరికంటే ముందు కావలసి వచ్చింది ప్రభుత్వానికి. 1834లో మొదలైన ఒప్పంద కూలీ వ్యవస్థ కింద దాదాపు నాలుగున్నర లక్షలమంది భారతీయులు మారిషస్ చెరకు తోటలకు వెళ్లారు. వారిలో కోరంగి రేవు వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. ఒప్పందం గడువు తీరిన కూలీ తన ఫోటో అతికించిన టికెట్‌ను ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలని అక్కడి ప్రభుత్వం 1867లో చట్టం చేసింది. అడిగినప్పుడు చూపించలేనివాణ్ణి దేశదిమ్మరిగా లెక్కగట్టి పోలీసులు పట్టుకుపోయేవారు. ఆ ఫోటోలు నేటికీ మారిషస్‌లోని మహాత్మాగాంధీ సంస్థ భాండాగారంలో ఉన్నాయి. ముత్తాతల జాడ వెతుక్కుంటూ అక్కడి కుటుంబాలు వాటి దగ్గరికి వస్తుంటాయి. ఒక్కో కాగితం మీద పేరు, వయసు, ఊరు, ఒంటి మీది గుర్తులు, వాటితో పాటు ముఖం. ఆ మనుషులకు ముఖం కొరవడిందని ఏ ఆధారంతో అంటాం? ఆ ముఖాన్ని ఎప్పుడు, ఎవరికి చూపాలో నిర్ణయించుకునే హక్కు వారికి లేదు. అసలు లోటు అది.

అమెరికాలోనూ ఇదే జరిగింది. చైనా కూలీలు నివాస ధ్రువపత్రం తీసుకోవాలని 1892 నాటి గియరీ చట్టం ఆదేశిస్తే, మరుసటి ఏటి సవరణ దాని మీద ఫోటో తప్పనిసరి చేసింది. న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ద్వీపంలో రిజిస్ట్రీ గుమస్తాగా పనిచేసిన అగస్టస్ షెర్మన్, ఇరవయ్యో శతాబ్దం తొలి రెండు దశాబ్దాల్లో, తనిఖీ కోసం ఆపిన వలసదారులను సొంత ఊరి బట్టల్లో నిలబెట్టి ఫోటోలు తీశాడు. అవి అద్భుతమైన ఫోటోలు. వాటిలో చాలావాటి కింద ఉన్న వివరం మాత్రం రొమేనియా గొర్రెల కాపరి, రుథేనియా స్త్రీ అన్న పద్ధతిలోనే ఉంటుంది. మన దగ్గర ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి 1909లో ఏడు సంపుటాలుగా తెచ్చిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో లంబాడీలతో సహా ఎన్నో తెలుగు నేల సమూహాల మనుషులు కొలతలతో, ఫోటోలతో కనిపిస్తారు. అక్కడ ముఖాలకు కొదవ లేదు. పుర్రె వెడల్పు, ముక్కు పొడవు కూడా ఉన్నాయి. ఒక్కో ముఖం ఒక జాతికి నమూనాగా అచ్చయింది. ఒక మనిషిని అతని సమూహానికి నమూనాగా చూపించే ఈ అలవాటును నేటి ప్రశంసాపత్రం తెలియకుండానే కొనసాగిస్తోంది. థర్‌స్టన్ కొలబద్దతో చేసిన పనిని మనం జాలితో చేస్తున్నాం.

ముఖంతో పాటు గొంతు లేదని కూడా అంటుంటారు. మారిషస్‌లో ఇదే టికెట్ చట్టానికి వ్యతిరేకంగా 1871లో తొమ్మిది వేలమందికి పైగా పాత కూలీలు అర్జీ పెట్టుకున్నారు. అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట నిర్వాహకుడు దాన్ని గవర్నరు ముందుకు చేర్చాడు. మరుసటి ఏడాది విచారణకు రాయల్ కమిషన్ దిగివచ్చింది. నోరు విప్పినవాళ్లను నోరులేనివాళ్లు అనడం వారి పోరాటాన్ని చరిత్రలోంచి తుడిచేయడమే.

రెండు: ఒక్కరు అందరికీ ప్రతినిధి అయితే

ఒక్క ముఖంలో వేలమంది కష్టం అన్నది రెండో మెట్టు. ఈ నమ్మకాన్ని లోకమంతటా స్థిరపరిచింది డొరొతియా లాంగ్ ఫోటో, వలస తల్లి. అది గీసిన బొమ్మ కాదన్నది నిజమే, కానీ వలస జనాన్ని గీసే ప్రతివారినీ ఇవాళ్టికీ దానితోనే పోలుస్తారు, ఆ పోలికను పొగడ్త అనుకుంటారు. కనుక దాని చరిత్రనే పరీక్షకు పెడదాం. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠాణీ కోతకు వచ్చిన కూలీల శిబిరంలో లాంగ్ ఆ ఫోటో తీసింది. ఆ తల్లి పేరు ఆమె రాసుకోలేదు. ముప్పై రెండేళ్లు, ఏడుగురు బిడ్డల తల్లి, దిక్కులేని బఠాణీ కూలీ అన్న వివరం మాత్రం ఫోటోతో పాటు వెళ్లింది. దాదాపు నలభై రెండేళ్లపాటు ఆమె ఎవరో లోకానికి తెలియలేదు. 1978లో ఆమె ఒక స్థానిక పత్రికకు తానే రాసి బయటపడింది. ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్. ఆ ఫోటో తీయించుకోకుండా ఉంటే బాగుండేదనీ, తన పేరైనా అడగలేదనీ, దానివల్ల తనకు ఒక్క పైసా రాలేదనీ ఆమె చెప్పింది.

ఇంత జరిగినా, చిత్రం లోకానికి మేలు చేసిందిగా, ఒక మనిషి బాధ అందుకు చెల్లించిన మూల్యం అనుకోవచ్చుగా అంటారు. అలా అనుకున్నా లెక్క సరిపోదు, ఎందుకంటే ఆ చిత్రం చెప్పిన కథే తప్పు. ఓక్లహోమా దుమ్ము తుపానులకు నేల పోగొట్టుకుని పారిపోయి వచ్చిన తెల్ల రైతు కుటుంబానికి ఆమెను ప్రతీకగా దేశం చదువుకుంది. ఆమె చెరోకీ ఆదివాసి స్త్రీ. దుమ్ము తుపానులు మొదలవకముందే, 1920ల నడిమిలోనే, కుటుంబం కాలిఫోర్నియా చేరింది. పొలాల్లో కూలి చేస్తూ అప్పటికే ఏళ్లు గడిచాయి. అంటే అమెరికా తన వలస కథకు ముఖచిత్రంగా పెట్టుకున్న మనిషి జీవితంలో, అమెరికా చెప్పుకోవడానికి ఇష్టపడని మరో పెద్ద వలస కథ ఉంది. నేల మీంచి తరిమివేతకు గురైన ఆదివాసుల కథ. ప్రతీక దాన్ని కప్పేసింది. ఇది పొరపాటున జరిగింది కాదు, ప్రతినిధిగా నిలపడంలోనే ఉంది. ఒక మనిషి వేలమందికి బదులుగా నిలబడాలంటే ఆ వేలమందికి లేనిదీ ఆమెకు ఉన్నదీ అయిన ప్రతి వివరాన్నీ చెరిపివేయాలి. కులం, భాష, ఏ ఏడు వచ్చింది, ఎవరిమీద కోపం ఉంది, ఇవన్నీ ప్రతీకకు అడ్డం. చెరిపాక మిగిలేది చూసేవాడి ఊహ, దానికి తొడిగిన ఒకరి ముఖం.

మూడు: ఆలిస్ నీల్ చేసిన పని

మరి వలస జనాన్ని గీయడంలో విలువేమీ లేదా? ఉంది, చాలా ఉంది. ఆ విలువ ఎక్కడుందో చూడాలంటే ఆలిస్ నీల్ దగ్గరికి వెళ్లాలి. 1900లో పెన్సిల్వేనియాలో పుట్టిన ఈ చిత్రకారిణి 1938లో న్యూయార్క్‌లోని స్పానిష్ హార్లెంకు మకాం మార్చింది. ప్యూర్టోరికో నుంచీ, డొమినికన్ రిపబ్లిక్ నుంచీ, ఇతర కరీబియన్ దీవుల నుంచీ వచ్చిన కుటుంబాలు కిక్కిరిసి బతికిన పేట అది. ప్యూర్టోరికో వాసులు 1917 నుంచే అమెరికా పౌరులు. పాలమూరు కూలీ ముంబైలో ఎలాగో వారూ న్యూయార్క్‌లో అలాగే, పౌరసత్వం ఉండి కూడా పరాయివాళ్లు. ఆ పేటలో నీల్ 1962 వరకూ ఉంది, ఇరుగుపొరుగునూ వారి పిల్లలనూ తన ఇంట్లోనే కూర్చోబెట్టి గీసింది. ఎవరూ డబ్బిచ్చి గీయించుకోలేదు. ఆ కాన్వాసులు ఏళ్ల తరబడి ఆమె ఇంట్లోనే పేరుకుపోయాయి. న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం ఆమె పనిని సమగ్రంగా ప్రదర్శించేనాటికి 1974 వచ్చింది.

1940లో వేసిన టి.బి. హార్లెం చిత్రాన్ని దగ్గర నుంచి చూడండి. మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్న యువకుడు, నడుం దాకా దుప్పటి, పైన ఒంటి మీద బట్టలేదు. ఎడమ రొమ్ము మీద తెల్లని కట్టు. మెడ పొడుగ్గా, వేళ్లు సన్నగా, శరీరం ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. అతను కార్లోస్ నెగ్రోన్. నీల్ సహచరుడు హోసే నెగ్రోన్ తమ్ముడు, ఇరవై నాలుగేళ్లవాడు, ప్యూర్టోరికో నుంచి వచ్చినవాడు. విమర్శకులు ఈ చిత్రంలో శిలువ వేసిన క్రీస్తును చూశారు, బాధితుల ప్రతీకను చూశారు. అలా చదవడమే నాకు అభ్యంతరం. ఆ గాయం అలౌకికమైనది కాదు, ఆపరేషన్ చేసినది. క్షయ పట్టిన ఊపిరితిత్తికి విశ్రాంతి ఇవ్వడానికి పక్కటెముకలు తీసేసి దాన్ని అణచివేసే థొరకోప్లాస్టీ చేశారు. స్ట్రెప్టోమైసిన్ మందు కనిపెట్టింది 1943లో, ఇంకా మూడేళ్ల తర్వాత. ఎముకలు తీసిన ఒళ్లు ఎటు కుంగుతుందో, ఆ కుంగుబాటును మెడ ఎలా సరిచేసుకుంటుందో నీల్ చూసి గీసింది. గాలి ఆడని గదుల్లో గుంపుగా బతకాల్సిన పేటలో క్షయ ఎందుకు ప్రబలిందో, అక్కడి రోగికి అప్పటి వైద్యం ఏమి ఇవ్వగలిగిందో ఆ కట్టు చెబుతుంది. అతన్ని క్రీస్తును చేస్తే ఈ సంగతులన్నీ మాయమై, మొక్కదగిన బాధ ఒక్కటే మిగులుతుంది. ఇంటి అద్దెల గురించీ ఆసుపత్రి గురించీ అడగాల్సిన ప్రశ్న భక్తిలో కరిగిపోతుంది.

ఇక్కడ నీల్‌ను కూడా నిలదీయాలి. అతన్ని బాగా ఎరిగిన ఆమె చిత్రానికి పెట్టిన పేరులో రోగం ఉంది, పేట ఉంది, మనిషి లేడు. కుంచె చేసిన న్యాయానికి ఆ పేరు తగదు. డొమినికన్ బాయ్స్ ఆన్ 108త్ స్ట్రీట్ అని 1955లో వేసిన చిత్రమూ అంతే. పెద్దవాళ్లలా జాకెట్లు వేసుకుని నిలబడ్డ ఆ ఇద్దరు పిల్లల పేర్లు చిత్రం పేరులో లేవు. దీనికి భిన్నంగా జార్జీ ఆర్సే అనే పొరుగింటి పిల్లవాణ్ణి ఆమె 1950లలో పలుమార్లు గీసింది, పేరుతోనే గీసింది. ఒకే పిల్లవాడు మళ్లీ మళ్లీ వచ్చి కూర్చున్నప్పుడు అతను దేనికీ ప్రతీకగా నిలవడు. నిన్నటికీ ఇవాళ్టికీ ముఖం మారుతుంది, కూర్చునే తీరు మారుతుంది. ఒక సమూహానికి నమూనా కావాలనుకున్నవాళ్లకు ఒక్క చిత్రం చాలు. మనిషి కావాలనుకున్నవాళ్లకే అతన్ని మళ్లీ గీయాల్సిన అవసరం వస్తుంది. రూపచిత్రానికి ఉన్న అసలు శక్తి ఇదే. గంటల తరబడి ఇద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. గీసేవాళ్లు ముందుగా అనుకున్నదాన్ని, ఎదుట కూర్చున్న మనిషి కదలిక, మాట, విసుగు కాదంటూ పోతాయి. ఆ కాదనడం చిత్రంలో మిగిలితే అది మంచి రూపచిత్రం. ఇందులో ఇచ్చినవాడు ఎవడంటే కూర్చున్నవాడే. తన సమయం ఇచ్చాడు, ఒళ్లు చూపించాడు, తనను చూడనిచ్చాడు. చిత్రకారిణి పుచ్చుకుంది. ముఖం ఇచ్చారన్న ప్రశంస ఈ లెక్కను తలకిందులు చేసి, అప్పు పడినవాళ్లను దాతలుగా నిలబెడుతుంది.

వలస అనే సామూహిక చరిత్రను చెప్పాలనుకునేవారికి వేరే దారి ఉంది. దక్షిణాది నుంచి ఉత్తరాది నగరాలకు తరలిపోయిన నల్లజాతి జనం కథను జేకబ్ లారెన్స్ 1940–41లో 60 చిత్రాల వరుసగా వేశాడు. వాటిలో ముఖాలు చాలామటుకు వివరాల్లేని రంగు ముక్కలు. రైలు స్టేషన్లు, మూటలు, వరుసలు, కింద వాక్యాలు కథను నడుపుతాయి. గుంపు కథకు గుంపునే గీశాడు. ఒకరి ముఖాన్ని తెచ్చి దాని మీద బరువంతా మోపలేదు. ఆ నిజాయితీ గొప్పది.

నాలుగు: ఎదురు వచ్చే వాదనలు

జాలి వల్ల పనులు జరుగుతాయి, మీరు కాదంటే జరగకుండా పోతాయా అన్నది అందరూ అడిగేది. జరుగుతాయి. లాంగ్ ఫోటోలు పత్రికలో వచ్చాక ప్రభుత్వం నిపోమో శిబిరానికి 20,000 పౌండ్ల ఆహారం పంపింది. ఆకలితో ఉన్నవారికి అన్నం అందడాన్ని తక్కువ చేసి మాట్లాడను. అయితే ఆ ఆహారం వచ్చేసరికి థాంప్సన్ కుటుంబం అక్కడి నుంచి పని వెతుక్కుంటూ వెళ్లిపోయింది. ప్రతీకకు వచ్చిన సాయం ప్రతీకగా నిలిచిన మనిషికి అందలేదు. పైగా ఆ సాయానికి పేరు దాచడం ఏ విధంగానూ అవసరం కాలేదు. పేరు రాసుకుని ఉంటే ఆహారం ఒక్క పౌండు కూడా తగ్గేది కాదు. జాలి పుట్టాలంటే మనిషి అనామకంగా ఉండాలన్నది ఎవరూ రుజువు చేయని ఊహ. జాలికి ఇంకో గుణం ఉంది. అది తనకు నచ్చిన ముఖాన్నే వెతుక్కుంటుంది. నవ్వుతున్న కూలీ, మంచి చొక్కా వేసుకున్న కూలీ, మేస్త్రీని తిడుతున్న కూలీ దానికి పనికిరారు. మెక్సికోలో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడ్డ అలిజా నిసెన్‌బామ్ 2017 విట్నీ బియెన్నియల్‌లో పెట్టిన ఒక చిత్రంలో వలస కుటుంబపు మనుషులిద్దరు ఆదివారం పొద్దున తీరిగ్గా న్యూయార్క్ టైమ్స్ చదువుకుంటూ ఉంటారు. ఆ తీరిక వారి జీవితంలో నిజంగా ఉన్నది. జాలిని కొలబద్దగా పెట్టుకుంటే ఆ చిత్రానికి సున్నా మార్కులు వేయాలి.

పేరు పెట్టాలంటున్నారు, కాగితాలు లేని వలసదారు పేరు బయటపెడితే పట్టించినట్టు కాదా అన్న ప్రశ్న ఇంతకంటే గట్టిది. నిసెన్‌బామ్ క్వీన్స్‌లోని కరోనా అనే పేటలో, కళాకారిణి తానియా బ్రుగేరా నెలకొల్పిన వలసదారుల కేంద్రంలో, చిత్రకళ చరిత్ర ఆధారంగా ఇంగ్లిషు నేర్పింది, తన విద్యార్థులనే గీసింది. వారిలో కాగితాలు లేనివాళ్లున్నారు. కొన్ని చిత్రాలకు ఇంటిపేర్లు లేకుండా పేర్లు మాత్రమే పెట్టింది. ఇందులో నా వాదానికి విరుద్ధమైనదేమీ లేదు. ప్రమాదం తెలిసిన మనిషి నా పేరు వద్దు అనడం ఆ మనిషి నిర్ణయం. గీసేవాళ్లు అడగకుండా వదిలేయడం వేరు. మారిషస్ టికెట్ మనకు చెప్పేదీ ఇదే: ముఖమూ పేరూ ఎవరి చేతిలో ఉన్నాయన్నది తేలకుండా, కనిపించడం మంచిదా చెడ్డదా అని చెప్పలేం.

మరి ఆ సమూహంలో పుట్టినవాళ్లే గీయాలా అంటే, కాదు. నీల్ ఆ పేటకు బయటి మనిషే, అయినా కార్లోస్ ఒంటిని ఆమె చూసినట్టు చూడటం బయటివాళ్లకు అసాధ్యమేమీ కాదని రుజువైంది. అదే పేటలో పుట్టినవాళ్లు కూడా సొంత మనుషులను అమ్ముడుపోయే ప్రతీకలుగా మార్చగలరు. పుట్టుకతో ఈ పని తేలదు. ఎంతకాలం ఎదురుగా కూర్చున్నారు, ఎదుటి మనిషి కాదన్నప్పుడు విన్నారా అన్నవాటితో తేలుతుంది.

ఐదు: మన దగ్గర ఏం మారాలి

పాలమూరు నుంచి ముంబైకి, సిక్కోలు నుంచి చెన్నైకి, జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయే మనుషులను గీసేవాళ్లు మన దగ్గరా ఉన్నారు, ఇంకా రావాలి. వచ్చే ప్రతివాళ్లనూ మనం ముఖం ఇచ్చినవాళ్లుగా పొగిడితే వాళ్లు నేర్చుకునేది ఒకటే: ముడతలు పడ్డ ముఖం, తల మీద మూట, చంకలో బిడ్డ, కింద వలస బతుకు అన్న పేరు. ఆ ముఖాన్ని రోడ్డు పక్కన ఫోటో తీసుకుని ఇంటికెళ్లి గీసుకోవచ్చు, ఆ మనిషితో ఒక్క మాట మాట్లాడనక్కర్లేదు. మాట్లాడితే అప్పు ఎవరి దగ్గర తెచ్చిందో, ముఠామేస్త్రీ ఎంత అడ్వాన్సు ఇచ్చి ఎంత పట్టుకున్నాడో, దుబాయ్‌లో పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉందో తెలుస్తుంది. ఆ సంగతులు తెలిసిన చెయ్యి గీసే గీత వేరుగా ఉంటుంది. ప్రతీకను మెచ్చుకునే విమర్శ ఈ సంగతులను తెలుసుకోవాల్సిన పని లేదని చిత్రకారుడికి హామీ ఇస్తోంది. దాని వల్ల కలిగే అసలు నష్టం ఇదే.

కనుక అడగాల్సినవి సూటిగా అడగాలి. కూలీ ఒక పూట కూర్చుంటే ఆ పూట కూలి పోతుంది. దాన్ని చిత్రకారులు కట్టివ్వాలి. చిత్రం ఒక నకలు ఆ ఇంటికి చేరాలి, థాంప్సన్‌కు జరిగింది ఇంకొకరికి జరగకుండా. అమ్ముడైతే వాటా సంగతి ముందే మాట్లాడుకోవాలి. పేరు ఎలా ఉండాలో, ఉండాలో వద్దో కూర్చున్న మనిషే చెప్పాలి, చెప్పినట్టు ఉండాలి. గోడ మీది పరిచయంలో చిత్రకారుడి సానుభూతి గురించి రాసే చోట ఆ మనిషి ఊరు, పని, ఎన్నాళ్లుగా చేస్తున్నది రాయాలి. పేరు చెప్పడానికి మనిషి సిద్ధంగా ఉండి కూడా అడిగినవారు లేక అనామకంగా వచ్చిన రూపచిత్రాన్ని, అది ఎంత అందంగా ఉన్నా, ప్రదర్శనకు తీసుకోకూడదు.